అవ్వ విన్న ‘ఫుల్ బోర్’

వరికుంటపాడు

చిరంజీవి చిన్నాకు తాత ఆశీస్సులు.

మేము క్షేమం. నువ్వు హైదరాబాదు చేరినట్టు మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఈ కాలంలో ఉత్తరమేంది తాతా, వాట్సాప్‌లో పెట్టొచ్చు గదా అంటావు. వాట్సాప్‌లో నాలుగు వాక్యాలు దాటితే నువ్వు చదవవని నాకు తెలుసు. కాగితం మీదైతే తాత చేతిరాత ఎంత వణికిందో చూడ్డానికైనా చివరిదాకా వస్తావు.

నువ్వు బయల్దేరే ముందురోజు సాయంత్రం సంగతి గుర్తుందా? వేపచెట్టు కింద నులకమంచం మీద పడుకొని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నావు. “ఇక్కడ ఫుల్ బోర్ రా” అన్నావు. వసారాలో చింతపండు కొట్టుకుంటున్న మీ అవ్వ చెవిన ఆ మాట పడింది. చేతిలో రాయి కింద పెట్టి, చెంగుకు చెయ్యి తుడుచుకుంటా లేచొచ్చింది. “బోరు ఫుల్లంటనా? ఎవురి చేలో అబ్బయ్యా? ఎన్నించులు పడినాయి?” అనింది. నువ్వు పొట్ట పట్టుకొని నవ్వావు. అబద్ధమెందుకు, నేనూ నవ్వాను. నువ్వు విడమరిచి చెప్పాక అవ్వ పోయి మళ్లీ చింతపండు ముందు కూచుంది. ఆమె మాత్రం నవ్వలేదు.

నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదు. పదిహేడేళ్ల పిల్లవాడికి మే నెలలో మా ఊళ్లో పొద్దుపోకపోవడం వింతేమీ కాదు. మధ్యాహ్నం పూట ఇక్కడ కుక్కలు కూడా మొరగవు. కానీ నేను 32 ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. ఒకే మాట ఇద్దరి చెవుల్లో రెండు రకాలుగా పడిందంటే ఆ రాత్రి నాకు నిద్రపట్టదు. నువ్వు బస్సెక్కినాక అటక మీద ఉన్న పాత నిఘంటువు దించి దుమ్ము దులిపాను.

ముందు నీకు నచ్చే సంగతి చెప్తాను. ‘ఫుల్ బోర్’ అనే మాట ఇంగ్లీషులో నిజంగానే ఉంది. దాని అర్థం పూర్తి జోరుతో, ఆపకుండా అని. అంటే నువ్వన్న మాట లండన్‌లో ఎవరైనా విని ఉంటే, వరికుంటపాడులో అంతా జోరు మీదుందని అనుకునేవాడు. మీ అవ్వ నీళ్లు పడ్డాయనుకుంది. నీ ఉద్దేశం ఇంకోటి. ఒక్క మాటకు మూడు చెవులు, మూడు ఊళ్లు!

ఇంగ్లీషులో ఇలాంటి మాటలకు కొదవ లేదు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో ‘సెట్’ అనే మూడక్షరాల మాటకు 430 అర్థాలిచ్చారు. ఆ ఒక్క మాట వివరణే 60 వేల మాటల దాకా సాగింది. ఇప్పుడు ఆ పెద్దరికం ‘రన్’కు వచ్చింది, క్రియగానే 645 అర్థాలని లెక్క. ఆ ఒక్క మాట మీద ఒక నిఘంటుకారుడు తొమ్మిది నెలలు కూచున్నాడట. తొమ్మిది నెలలు! మా బడిలో కూచోపెడితే తొమ్మిదో నిమిషానికి గంట కొట్టమనేవాళ్లు.

మన బోర్ వాటి ముందు చిన్న మాటే. కానీ అది ఒక మాట కాదు. వేరువేరు ఇళ్లలో పుట్టి, ఒకే ముఖం పెట్టుకొని తిరిగే నలుగురు మనుషుల్లాంటిది.

అందరికంటే పెద్దది తొలచడం. పాత ఇంగ్లీషులో ‘బోరియన్’ అనేవాళ్లు. మన తెలుగులో ఎలుక బొరియ, పీత బొరియ ఉన్నాయి కదా అని చుట్టరికం కలపబోకు. నేనూ ఒక రాత్రి ఆశపడ్డాను, తెల్లారేసరికి వదులుకున్నాను. అది ఉత్త పోలికే. తుపాకీ గొట్టం లోపలి వెడల్పునూ బోర్ అంటారు. ‘ట్వెల్వ్ బోర్’ అంటే ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు తూస్తే ఒక పౌనని లెక్క. లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు ఎలక్షన్లప్పుడు స్టేషన్లో అప్పజెప్పేది చాలావరకు అదే. ఉదయగిరిలో మెకానిక్కు నా పాత మోటారు సైకిల్ సైలెన్సరు దగ్గర నీలం పొగ చూసి, “బోరుకొచ్చింది సార్” అన్నప్పుడు చెప్పిందీ ఆ పెద్దాయన సంగతే. సిలిండరు లోపలి గోడ అరిగిపోయిందని, మళ్లీ తొలిపించాలని.

రెండో మనిషి సముద్రం నుంచి వచ్చాడు. పోటు మీదున్న సముద్రం ఏటి ముఖద్వారంలోకి గోడలాగా లేచి ఎదురెక్కితే, ఆ అలను బోర్ అంటారు. కలకత్తా దగ్గర హుగ్లీలో వస్తుంది. ఉత్తరాది ఓడవాళ్ల పాతభాషలో అలకున్న పేరు నుంచి ఇది వచ్చిందంటారు. మన పెన్నకు ఆ భాగ్యం లేదు. మన పిల్లాపేరు వాగుకు అసలు నీళ్లుంటే కదా, పోటు సంగతి తర్వాత.

మూడోది ‘బేర్’ అనే క్రియకు భూతకాలం. మోసింది, కన్నది, ఓర్చుకున్నది అని మూడర్థాలు. నా ఉద్యోగ జీవితంలో మర్చిపోలేని జవాబుపత్రం దీనివల్లే వచ్చింది. ‘ఆ తల్లి ముగ్గురు కొడుకుల్ని కన్నది’ అనే అర్థమొచ్చే వాక్యాన్ని ఈ ‘బోర్’తోనే ఇంగ్లీషులో ఇచ్చి, తెలుగులోకి మార్చమన్నాను. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు, ‘ఆ తల్లికి ముగ్గురు కొడుకులతో బోరు కొట్టింది’ అని రాశాడు. సున్నా వేశాను. స్టాఫ్ రూములో చదివి అందరం నవ్వుకున్నాం. ఇప్పుడైతే సగం మార్కు వేసేవాణ్ణి. ముగ్గురు కొడుకులూ మూడు పట్నాల్లో ఉంటే తల్లి ఒక్కతే ఇంటి ముందు కూచున్న వాకిళ్లు మా వీధిలోనే నాలుగున్నాయి.

ఇంక నాలుగోది నీది. విసుగు. దీని పుట్టుక ఎక్కడో భాషాపండితులు ఇప్పటికీ తేల్చలేదు. 1760ల ప్రాంతంలో ఇంగ్లాండు సంపన్నుల ఉత్తరాల్లో కనిపించడం మొదలైంది. డికెన్స్ 1852-53లో రాసిన ‘బ్లీక్ హౌస్’ నవలలో ఒక జమీందారిణి ఉంటుంది, ఆమె పనల్లా విసుగు చెందడమే. ఇంచుమించు అదే కాలంలో మద్రాసులో సి.పి. బ్రౌన్ నిఘంటువులు అచ్చవుతున్నాయి. అక్కడ ఆమె విసుక్కుంటూ ఉంటే, ఇక్కడ ఆయన తెలుగు మాటల్ని ఒక్కొక్కటీ ఏరుతున్నాడు. ఎవరి పొద్దు వాళ్లది.

ఈ నలుగురూ ఓడ దిగి తెలుగులోకి రాకముందే మనకు సొంత బోరు ఒకటుంది. బోరున ఏడవడం. చావింటికి పోతే వినపడే ఏడుపది, నోటితో కాకుండా రొమ్ముతో ఏడ్చేది. రొమ్ముకు బోర అని తెలుగులో పాత పేరుంది, వస్తాదు బోర విరుచుకొని నిలబడతాడు. పిల్లాడు బోర్లా పడితే ఇంట్లో బొబ్బట్లు చేస్తారు. కడిగిన గిన్నెలు బోర్లిస్తారు. ఒక భాష నుంచి మాట వచ్చేటప్పుడు ఖాళీ ఇంట్లోకి రాదు చిన్నా. అప్పటికే అక్కడ ఎవరో కాపురముంటారు. ‘ఇంగ్లీషుకు తలాతోకా లేదు తాతా’ అని నువ్వంటుంటావు కదా, మన ఊరి పేరు చివర చూడు. పాడు అంటే ఊరు. పాడు అంటే చెడిపోయింది. పాడు అంటే పాట పాడమని. ఇవన్నీ తెలిసిన పిల్లకు ‘ఓ పాట పాడవే’ అంటే ఎప్పుడైనా తికమకపడిందా?

ఇప్పుడు నీ వాక్యం దగ్గరికొస్తాను. తెలుగులో విసుగును మనం ‘కొడతాం’. బోరు కొట్టింది అంటాం. ఎవరు కొట్టారు? చెప్పం. సినిమా కొట్టొచ్చు, క్లాసు కొట్టొచ్చు, ఊరు కొట్టొచ్చు, దెబ్బ మాత్రం మనకు తగులుతుంది. మా చిన్నప్పుడు ఆ మాట లేదు. ఏమనేవాళ్లమో తెలుసా? ‘తోచడం లేదు’ అనేవాళ్లం. ‘పొద్దు పోలేదు’ అనేవాళ్లం. తోచకపోవడం నా బుర్రలో జరిగే పని. అందులో ఊరి తప్పు లేదు, బడి తప్పు లేదు. “తోచట్లేదవ్వా” అంటే మా అవ్వ వెంటనే పని చెప్పేది, పోయి బర్రెకు నీళ్లు పెట్టమని. “బోరు కొడుతోంది” అంటే ఎవరూ పని చెప్పరు, టీవీ పెడతారు. మాట మారడంతో తప్పు ఇటు నుంచి అటు మారింది. నాకు ఆ పాత మాటే నచ్చుతుంది. ముసలివాళ్లకు పాతవి నచ్చుతాయని కాదు, అది నిజానికి దగ్గరగా ఉందని.

తోచకపోవడం కొత్త సంగతేమీ కాదు. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గం కింద ఏడాది దాటి దండు దించుకొని కూచున్నాడు, 1514లో కానీ గజపతుల చేతి నుంచి కోట ఊడలేదు. ఆ కొండ నువ్వు చూశావుగా, బండల మీద ఎండ ఎలా ఉంటుందో. అన్ని నెలలు అంతమంది సైనికులు ఏం చేసి ఉంటారు? వాళ్లకూ తోచకుండానే ఉండుంటుంది. అయితే ఈ కోట బోరు అని వాళ్లు అని ఉండరు.

సరే. మీ అవ్వ చెవిలో పడ్డ బోరు సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం దేనికి?

దాన్ని బ్రిటన్లో బోర్‌హోల్ అంటారు. ‘బోర్‌వెల్’ అనేది మన దేశపు ఇంగ్లీషు. బావికి, బొక్కకు పెళ్లి చేసిన మాట. మా నాయన కాలంలో మన పడమటి చేలో రాతికట్టు బావి ఉండేది. దానిమీద కపిల తోలేవాళ్లు. తోలుబొక్కెన పైకొచ్చి తొట్టిలో నీళ్లు కుమ్మరించే చప్పుడు, వెనక్కి నడిచే గిత్తల గంటలు, ఇవి నా చెవుల్లో ఇంకా ఉన్నాయి. ఆ బావి 1980ల నడుమ ఎండిపోయింది. 1988లో మొదటి బోరు వేశాం. 160 అడుగుల్లో రెండించుల నీళ్లు పడినాయి. ఊరంతా వచ్చి చూసింది. ఆ ధైర్యంతో నాలుగెకరాల్లో బత్తాయి నాటాను. పదేళ్లు తిన్నాం ఆ కాయలు. మీ నాన్న చదువు ఆ కాయల మీదే సాగింది.

2002లో వానల్లేవు. మోటారు పావుగంట పోసి గాలి కొట్టేది. తోట వాడుమొహం పట్టింది. బత్తాయి చెట్టు వాడినప్పుడు ముందు ఆకు ముడుచుకుంటుంది, తర్వాత కాయ మెత్తబడుతుంది, ఆఖర్న కొమ్మ చివర్నుంచి ఎండుకుంటూ వస్తుంది. రోజూ చూస్తూ ఊరుకోవడం ఎవరి వల్లా కాదు. జల చూసేవాణ్ణి పిలిపించాం. అరచేతిలో పీచుతీసిన కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకొని చేలో నడిచాడు. ఒకచోట కాయ లేచి నిలబడింది. “ఇదే సార్ పాయింటు” అన్నాడు. నేను ఇది సైన్సు కాదని తోటి మాస్టర్లతో పదేళ్లు వాదించినవాణ్ణి, అయినా ఆ కాయ లేచినప్పుడు నా గుండె కూడా లేచింది. నమ్మకం లేకుండానే నమ్మడమంటే ఏందో ఆ రోజు తెలిసింది.

రాత్రి పదింటికి బోరు బండ్లొచ్చాయి. రెండు లారీలు, ఒకదానిమీద రిగ్గు, ఇంకోదానిమీద కంప్రెసరు. నెంబరు ప్లేటు తమిళనాడుది. నామక్కల్ జిల్లాలో తిరుచెంగోడు అని ఒక ఊరుంది. దేశమంతా తిరిగే బోరు బండ్లకు అది పుట్టిల్లు. కుర్రాళ్లు తమిళంలో అరుచుకుంటున్నారు. నాకు అందులో తెలిసిన మాట తణ్ణి ఒక్కటే. ఆ మాటకు కూడా రెండర్థాలున్నాయి, వాళ్ల భాషలో నీళ్లూ తణ్ణే, మందూ తణ్ణే.

మీ అవ్వ పసుపు, కుంకుమ, టెంకాయ తెచ్చింది. కొట్టింది. హ్యామర్ రాతిని తాకగానే నేల మొత్తం కాళ్ల కింద వణకడం మొదలైంది. ఆ చప్పుడులో పక్కవాడి మాట వినపడదు. గొట్టం చుట్టూ పొడి లేచింది. మొదట ఎర్రగా, 40 అడుగుల తర్వాత బూడిదరంగులో, ఆ తర్వాత ముగ్గుపిండిలా తెల్లగా. మా జుట్లు, కనుబొమలు, చెట్ల ఆకులు అన్నీ తెల్లబడ్డాయి. 20 అడుగులకు ఒక రాడ్డు. రాడ్డు దిగినప్పుడల్లా ఒక కుర్రాడు నేలమీద సుద్దతో గీత గీసేవాడు. గీత గీతకూ డబ్బు. రైతు చూసేది ఆ గీతల్ని కాదు, పొడిని. పొడి ముద్దగా వస్తే తేమ తగిలినట్టు. బురదగా మారితే ఆశ. మన నేల కింద ఇసుక పొరలు లేవు, రాయి. ఆ రాతిలో ఎక్కడో పగులుంటేనే నీళ్లు. బిట్టు దాన్ని తాకితే తాకినట్టు, జానెడు పక్కన పోతే 500 అడుగులు దిగినా పొడే.

180 అడుగుల దగ్గర ముద్ద వచ్చింది. అవ్వ రెండు చేతులూ జోడించింది. 220కి మళ్లీ పొడి. మేస్త్రీ నా ముఖం చూశాడు. “ఇంకో రాడ్డు” అన్నాను. 260. “ఇంకోటి.” 300 దాటాక మా అన్న నా చెయ్యి పట్టుకొని, చాలు అన్నాడు. నేను ఒక్కటే అన్నాను. 310 దగ్గర ఆపాం. రిగ్గు ఆగినాక వచ్చిన నిశ్శబ్దంలో అవ్వ గాజుల చప్పుడు వినపడింది. నిజం బంగారు గాజులు అప్పటికి రెండు జతలు, నాలుగు. మర్నాడు రెండు పోయాయి.

నెల తిరక్కుండా ఇంకో చోట వేశాం. 420 అడుగులు. అరించు నీళ్లు, అవీ ఉప్పన. కేసింగు, మోటారు, పైపులు, కేబులు అన్నీ అప్పు మీద దించాం. నాలుగు నెలలు పోసింది. మిగిలిన రెండు గాజులూ పోయాయి. తోట కూడా పోయింది. ఎండిన బత్తాయి చెట్లు కొట్టించి కట్టెలకు అమ్మాం. ఆ కట్టె కాలేటప్పుడు కూడా కాయ వాసన వస్తుంది. మీ అవ్వ ఇప్పటికీ ఒక లెక్క చెప్తుంది: “నా చేతులకుండాల్సిన నాలుగు గాజులు చేలో రెండు బొక్కల్లో ఉండాయి.”

ఆమె చెవిలో బోరంటే ఆ మాట. దాని పక్కన ఫుల్ అనేది వినపడితే చింతపండు రాయి కింద పెట్టకుండా ఎట్లా ఉంటుంది?

అంత తవ్వకం తర్వాత మా తప్పు కూడా చెప్పాలి. నీళ్లు పడని బొక్కను ముందు ఒక చాపరాయితో మూసి వదిలేశాం. మా ఊళ్లో అందరూ అదే చేసేవాళ్లు. 2006లో హర్యానాలో ప్రిన్స్ అనే పిల్లవాడు బోరుగుంతలో పడితే దేశమంతా రెండు రోజులు టీవీల ముందు కూచుంది. ఆ పిల్లాణ్ణి బయటికి తీసిన మర్నాడే నేను కూలీల్ని తీసుకుపోయి రెండు బొక్కలూ అడుగు నుంచి మట్టితో నింపించాను. 2010లో సుప్రీంకోర్టు ఇవే పనులు చెయ్యమని ఆదేశాలిచ్చింది. అయినా ఇంకా ఎక్కడో ఒకచోట గోనెసంచి కప్పిన గుంత కనబడుతూనే ఉంటుంది. పొలాల్లో తిరిగేటప్పుడు నీకు అలాంటిది కనపడితే ఫోటో తీసి పంపడం కాదు, పోయి ఆ రైతుకు చెప్పు.

ఒకరి బోరు ఇంకొకరి బావిని తాగుతుందని కూడా తెలుసుకో. మన బావి ఎండడానికి వానలొక్కటే కారణం కాదు. తూర్పు పక్క చేలో దిగిన బోరూ కారణమే. తర్వాత మేం వేసిన బోరు వల్ల ఎవరి బావి ఎండిందో మేం అడగలేదు. 2002లో వాల్టా చట్టం వచ్చింది. నీళ్లు, నేల, చెట్ల చట్టం. బోరు వెయ్యాలంటే అనుమతి కావాలంది, పక్క బోరుకు ఎడం ఉండాలంది. 2004 మేలో సాగుకు కరెంటు ఉచితమైంది. ఆ ఉచితం ఎన్నో ఇళ్లను నిలబెట్టింది, ఆ మాట కాదనను. కానీ మోటారు ఆపాలన్న గుర్తు కూడా చాలామందికి అప్పుడే పోయింది. ఆటో స్టార్టరు పెట్టి ఇంటికి పోయి పడుకునేవాళ్లు. చట్టం నీళ్లు పొదుపు చెయ్యమంటుంది, ఉచిత కరెంటు అక్కర్లేదంటుంది. నేల ఎవరి మాట వింటుంది చెప్పు?

ఇంకో బోరు ఉంది, వీధిలోది. బోరింగు. నీకు చేతిపంపు అంటే తెలుస్తుందేమో. మా కాడ పంపు కొట్టడమనరు, బోరింగు కొట్టడమంటారు. ఆ ఇనుప పంపుకు ‘ఇండియా మార్క్ టూ’ అని పేరు. షోలాపూర్లో చేసిన ఒక పంపును మెరుగుపరిచి, కోయంబత్తూరు పక్క పల్లెల్లో పరీక్షించి, యూనిసెఫ్ సాయంతో 1970ల చివరి నుంచి దేశమంతా పెట్టారు. ఆడవాళ్లకు చేంతాడు బాధ తప్పింది. కలరా వంటివి తగ్గాయి. కానీ లోతు నీళ్లతో పాటు రాతిలో ఉన్న ఫ్లోరైడు కూడా పైకొచ్చింది.

నువ్వు చిన్నప్పుడు అడిగావు, తాతా నీ పళ్ల మీద గోధుమ చారలేంది, తోముకోవా అని. రోజుకు రెండుసార్లు తోముతాను నాయనా. ఆ చారలు బోరింగు రాకముందే, చిన్నప్పుడు తాగిన నీళ్ల వల్ల లోపల్నుంచి వచ్చినవి. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి రాసిన చోటు కూడా మన జిల్లానే. 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ మీద వ్యాసం రాశారు. అప్పటికి పొదిలి, దర్శి, కనిగిరి కూడా నెల్లూరు జిల్లాలోవే, ప్రకాశం జిల్లా 1970లో కదా విడిపోయింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే తాగొద్దంటారు. పళ్లతో పోతే పోయింది. మోకాళ్లు, నడుము, మెడ కొయ్యబారినవాళ్లున్నారు. వెనక్కి చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. వాళ్లను దారిలో చూసి నువ్వు పలకరించావు కూడా.

నిఘంటువులో ‘బేర్’ కింద ఓర్చుకోవడమని ఉంది. ఆ భూతకాలం, ఈ బోరు, రెండూ ఒకేలా పలకడం భాష చేసిన తమాషా. నాకైతే ఎప్పుడూ నవ్వు రాలేదు.

ఇక అన్నిటికన్నా పెద్ద బోరు మన కొండల అవతల ఉంది. వెలిగొండ ప్రాజెక్టు. శ్రీశైలం జలాశయం వెనుక కొల్లంవాగు దగ్గర నుంచి కొండ కింద రెండు సొరంగాలు తొలిచారు, ఒక్కొక్కటి దాదాపు 18.8 కిలోమీటర్లు. ఆ పని చాలావరకు చేసిన యంత్రానికి పేరే టన్నెల్ బోరింగ్ మెషీన్. 1996లో శంకుస్థాపన. మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో, రెండోది 2024 జనవరిలో పూర్తయ్యాయి. కృష్ణ వరద నీళ్లు 43.5 టీఎంసీలు తెచ్చి ప్రకాశం, కడప, మా ఉదయగిరి వైపు మెట్టకు ఇవ్వాలని లెక్క. శంకుస్థాపన నాటికి మీ నాన్న కాలేజీలో ఉన్నాడు. ఇప్పుడు నువ్వు కాలేజీలో ఉన్నావు. ఈ ఉత్తరం రాసే నాటికి మన చేలోకి ఆ నీళ్లు రాలేదు. గండిపాలెం జలాశయంలో నీళ్లుంటే పండగ, లేకుంటే బోరు, అదే మా పంచాంగం.

దసరా సెలవులకు రా. ఫోను వద్దనను, తెచ్చుకో. తోచకపోతే చెప్పు. పడమటి చేలో పాత బావి పూడిక సగం తీయించాను, మిగతా సగానికి మనిషి కావాలి. వానకాలంలో పై నీళ్లు దాంట్లోకి మళ్లిస్తే పక్క బోర్లకు ఊట వస్తుందని ఊళ్లో నలుగురం అనుకున్నాం. నువ్వు ఇంజినీరింగు చదువుతానంటున్నావు, కాలవ వాలు ఎటు పెట్టాలో నువ్వే చూడాల. వచ్చేటప్పుడు అవ్వకు కళ్లజోడు తాడు ఒకటి పట్రా, పాతది తెగిపోయింది.

ఇంకో మాట మరిచాను. నిన్న రాత్రి చెరువు కింద చేలో బండి వచ్చింది. తెల్లవారుజామున మూడింటికి 290 అడుగుల్లో జల తగిలింది, ఇంచుంబావు. అవ్వ టార్చి వేసుకొని పోయి చూసి వచ్చింది. నీకు ఫోన్ చేసి చెప్పమంది, ఉత్తరంలో రాస్తానని అన్నాను.

ఇట్లు,
మీ తాత